కాకిబంగారం

ఫోను ఆడ పెట్టబాక మే,
ఫ్యాను గాలికి నా గొంతు నీకు ఇనపడదు.
ఇట్టా, ఈ నిమ్మకాయల గంప మీద పెట్టు.

పేరా? రాసుకో.
ఇంట్లో పెంచలమ్మ,
గూడూరు కంపెనీ పుస్తకంలో పదిహేడో నంబరు.
ముప్పై ఒక్క ఏడు ఆ నంబరుకే కూలి ఇచ్చినారు,
పెంచలమ్మకు ఒక్క రూపాయీ రాలా.

సైదాపురం గనుల కాడి నించి
ఎద్దుల బండ్ల మీద దిగేది కాకిబంగారం.
మగోళ్ళు నేల లోపల,
ఆడోళ్ళం రేకుల షెడ్డులో.
అంచున కత్తి మొన గుచ్చి, ఊపిరి బిగబట్టి
పొర మీద పొర లేపాల.
చిరిగిందా, మేస్త్రీ కూలిలో కోస్తాడు.
ఉల్లిపొర కన్నా సన్నం.
దాన్ని కంటికి అడ్డం పెట్టుకొని చూస్తే
మేస్త్రీ కూడా మెత్తటి మనిషి మాదిరి కనపడేవాడు.

తల దువ్వుకుంటే మెరుపులు రాలేవి.
మా ఆయన దిండు మీద కూడా.
సబ్బుకు పోదు, కుంకుడుకాయకు పోదు.
దగ్గుతో పోయిన వాళ్ళ సంగతి తరవాత చెప్తా,
ఇప్పుడు కాదు.

ఇయ్యన్నీ యాడికి పోతాయని ఒకసారి అడిగినా.
"రేడియోల్లోకి" అన్నాడు గుమాస్తా.
మా ఊళ్ళో రేడియో ఒకటే, పంచాయితీ ఆఫీసులో.
పొద్దుగూకి వార్తలు చెప్తావుంటే
మా పేటోళ్ళం గోడ అవతల నిలబడి ఇనాల.
నా రేకు లోపల,
నేను బైట.

నువ్వు అడగబోయేది కుండల సంగతేలే,
నీ మొగం చూస్తేనే తెలస్తావుంది.
రెండు కుండలు, రెండు లోటాలు.
ఏది ఎవురిదో ఎవురూ రాసి పెట్టలా.
ఒక ఎండాకాలం వాళ్ళ కుండ పగిలింది.
కనకరత్నమని, పెద్దింటి మనిషి,
మొగుడు పోతే పనిలోకి వచ్చింది.
మజ్జానం దాకా ఓర్చుకొనింది.
లేచొచ్చి మా కుండలో ముంచుకొని
గటగటా తాగి, మూతి తుడుచుకొని పోయి కూచునింది.
ఎవురూ తల ఎత్తలా.
కత్తుల చప్పుడు మాత్రం ఆగింది, ఒక్క రవ్వసేపు.
రెండో రోజు కొత్త కుండ తెచ్చి పెట్టినారు.
ఆమె మాత్రం మళ్ళా మా కుండ కాడికే వచ్చింది.
స్నేహమా? అట్టా అని నేను చెప్పలేను.
వాళ్ళ గడప నేనెప్పుడూ తొక్కలా,
మా గడప ఆమె తొక్కలా.
నీళ్ళ కాడ మటుకు.

సమ్మె?
చేసినాం, పదకొండు రోజులు.
గెలిచినామనే చెప్పుకున్నాం.
పది పైసలు.

తరవాత ఏదో ప్లాస్టిక్కు పుట్టిందంట.
మేస్త్రీ వచ్చి "రేపు రాబాకండి" అన్నాడు.
రేపంటే ఎన్నాళ్ళని మేమూ అడగలా.
కత్తి నా కాడే ఉండిపోయింది,
ఇప్పుడు దాంతోనే వంకాయలు తరుగుతా.

అదే షెడ్డులో ఇప్పుడు నిమ్మకాయలు ఏరతారు.
మా కోడలు సలోమి పోతావుంది.
దానికి నంబరు లేదు, బ్యాంకులో పేరుండాది.
మేస్త్రీని పేరు పెట్టి పిలస్తాది!
మొదటిసారి ఇన్నప్పుడు నాకే వణుకొచ్చింది.
నీళ్ళా? ఎవురి సీసా వాళ్ళది.
కుండా లేదు, లోటా లేదు.
ముంచుకోను ఇంకొకరు వచ్చేదీ లేదు.
మంచికో చెడ్డకో, నన్ను అడగబాక.

సరే గానీ మే,
నేను చెప్పిందంతా ఆ ఫోనులోకి పోయిందా?
దాని లోపల కూడా రేకు ఉంటదా?
తెలవదా?
ఇంత చదువుకున్నావు,
ఇప్పి చూసి ఒకసారి చెప్పు.

పోతా పోతా నాలుగు కాయలు పట్టుకపో.
కిందవి తీసుకో.
పైవన్నీ దెబ్బకాయలు.